హేమసంఘ నివేదికయందలి గ్రంథపాతములు

తాళపత్రగ్రంథములఁ బరిష్కరించువారికి గ్రంథపాతమను మాట సుపరిచితము. ఆకు విఱిగినచోటను, చెదలు తినినచోటను, వ్రాయసకాఁడు రెండు పంక్తుల నడుమ నొకదానిని విడిచినచోటను బరిష్కర్త చుక్కల వరుస నొకదానిని నిలిపి, క్రింద 'ఇచ్చటఁ గొంత గ్రంథపాతము' అని సూచించును. ఈ మూఁడు హేతువులును దైవికములో ప్రామాదికములో యగును. నాలవ హేతు వొకటి కలదు, అది బుద్ధిపూర్వకము. దాతకు రుచింపని చరణమును గీటివేయుటయు, వంశావళియం దొక పేరును దొలఁగించుటయు దీనికి నుదాహరణములు. మొదటి మూఁటియందును బరిష్కర్త 'ఏమి పోయినది?' అని చింతించును. నాలవదానియందు 'ఎవరు తీసిరి? ఎవరికొఱకుఁ దీసిరి?' అని చింతింపవలసివచ్చును.

2024 ఆగస్టు 19వ తేదీని గేరళప్రభుత్వము వెలువరించిన హేమసంఘ నివేదిక యీ నాలవ తెగకుఁ జేరినది. అది కావ్యము గాదు, శాస్త్రమును గాదు. మలయాళ చలనచిత్ర పరిశ్రమయందుఁ బనిచేయు స్త్రీల స్థితిగతులఁ బరిశీలించి యాంగ్లమున వ్రాసిన యొక రాజకీయపత్రము. అయినను వాక్యసముదాయ మగుటచే వాక్యపరీక్షకు లోఁబడియే యున్నది. దీనినిగూర్చి పత్రికలలో వ్రాఁతలకుఁ గొదవ లేదు గాని, యవి మిక్కిలిభాగము వ్యక్తులనుగూర్చిన వ్రాఁతలు. గ్రంథమును గ్రంథముగాఁ జదివినవా రరుదు.

2017 ఫిబ్రవరి 17వ తేదీ రాత్రి కొచ్చిప్రాంతమునఁ గొందఱు దుండగులు పోవుచున్న కారులో నొక నటిపై నత్యాచారము సేసిరి. ఆ యేఁటనే నటీమణులును, దెరవెనుకఁ బనిచేయు స్త్రీలును 'విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్' అను పేర నొక సంఘముగాఁ గూడి ముఖ్యమంత్రికి విన్నపము నర్పింపఁగా, జూలైలో ముగ్గురు సభ్యులతో విచారణసంఘ మేర్పడెను. అధ్యక్షురాలు కేరళ యున్నతన్యాయస్థానమునఁ బూర్వము న్యాయమూర్తిగా నుండిన కె. హేమ. తక్కిన యిరువురిలో నొకరు ప్రభుత్వోద్యోగమునుండి విరమించిన కె. బి. వత్సలకుమారి, రెండవవారు నటి శారద. ఈ శారద తెనాలి యాఁడుపడుచు. మలయాళమునఁ దులాభారము, స్వయంవరము, తెలుఁగున నిమజ్జనము అను చిత్రములకై మూఁడుమాఱులు జాతీయపురస్కార మందిన విదుషి. కావున మలయాళదేశపు నివేదికయం దొక చేవ్రాలు తెలుఁగునాఁటిది.

ఈ సంఘము విచారణసంఘముల చట్టము ననుసరించి నియమింపఁబడినది కాదు. సాక్షులను బిలిపించు నధికారము దానికి లేదు. వచ్చినవారు చెప్పిరి, రానివారు చెప్పలేదు. వచ్చినవారు సైతము తమ పేళ్లు బయలుపడవను నమ్మికమీఁదనే చెప్పిరి. నివేదిక 2019 డిసెంబరు 31వ తేదీని ముఖ్యమంత్రి చేతి కందెను. అటుపై నాలుగేండ్ల యెనిమిది నెలలు బీరువాలో విశ్రమించెను. 2024 జూలైలో రాష్ట్ర సమాచారసంఘము దానిని బ్రకటింపవలసినదే యని తీర్మానించి, 49వ పుటలోని 96వ పేరాను, 81 మొదలు 100 వఱకుఁ గల పుటలను, అనుబంధములను విడువవలసినదిగా నిర్దేశించెను. ఒక నిర్మాత దీని నడ్డఁగింపఁగోరి యున్నతన్యాయస్థానమున వేసిన యర్జీ ఆగస్టు 13న ద్రోయఁబడెను. తుదకు వెలికి వచ్చినది మూలమునందలి సుమారు మూఁడువందల పుటలలోఁ దక్కిన యిన్నూటముప్పది పైచిల్లర పుటలు. అందును నర్జీదారులకు ముందుగాఁ దెలిపినదానికంటె నధికముగా 49 మొదలు 53 వఱకుఁ గల పుటలలోని పేరాలు కొన్ని కానరాకపోవుటచే, వారు మరల సమాచారసంఘము గుమ్మ మెక్కవలసివచ్చెను.

ఇచ్చట వ్యాకరణశాస్త్రము కొంత తోడ్పడును. పాణిని లోపమునకుఁ జెప్పిన లక్షణ మదర్శనము, అభావము గాదు. ఉండవలసినది కానరాకుండుటయే లోపము. అంతటితో నాఁగక యా మహర్షి, ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమైన కార్యము జరుగవలసినదే యని శాసించెను. వాక్ఛబ్దముపైఁ బ్రథమావిభక్తి కానరాకున్నను దానిని బట్టియే యది పద మగుచున్నది. మరల లుక్కు, శ్లువు, లుప్పు అను పేళ్లతోఁ జేసిన యదర్శనమున మాత్ర మంగమునకు రావలసిన కార్యము నిషిద్ధము. అచ్చటఁ బ్రత్యయముతోఁగూడఁ దత్ప్రభావమును దొలఁగును. కానరామి రెంటను నొక్కటియే. కాని యొకదానఁ బని మిగులును, ఒకదానఁ బని మిగులదు.

సాక్షి పేరును మఱుఁగుపఱుచుట మొదటితెగ లోపము. పేరు లేకున్నను నామె మాట పని చేయుచునే యుండును. ఆమెకు మాత్రము హాని రాదు. ఇట్టి లోపమును దప్పుపట్టువాఁడు శాస్త్ర మెఱుఁగనివాఁడు. నిందకుఁ బాత్రుఁడైనవాని పేరును దీయు టెట్టిదను ప్రశ్నకు నుత్తర మంత సులభము గాదు. వాని నెదుట నిలిపి యుత్తర మడిగి తీర్పు చెప్పు నధికారము సంఘమునకు లేదు. వినకయే యొకని పేరు చాటుట న్యాయము గాదని వాదించువారి మాటయందు బలము కలదు. కాని యా పుటలు జనులకుఁ గాక, నేరముల నరయవలసినవారికిఁ గూడ నిన్నేండ్లు కానరాకుండుట రెండవతెగకుఁ జేరిన లోపము. 2024 సెప్టెంబరు 10వ తేదీని గేరళోన్నతన్యాయస్థానము ప్రభుత్వము నడిగిన ప్రశ్నయు నిదియే: నేరములు సూచింపఁబడిన పత్రము చేత నుండఁగా నింతకాల మేల యూరకుంటిరి? నివేదికను బూర్తిగాఁ బ్రత్యేక పరిశోధకబృందమున కొప్పగింపవలసినదని యప్పుడే యాజ్ఞ యాయెను.

ఇంక గ్రంథమునకు వత్తము. నివేదిక యొక చమత్కారముతో నారంభ మగుచున్నది. నక్షత్రములతోఁ జంద్రునితో నాకాశము రహస్యమయముగాఁ గానవచ్చును గాని, శాస్త్రము శోధింపఁగా నక్షత్రములు మినుకుమినుకు మనవనియు, జంద్రుఁడు సుందరుఁడు గాఁడనియుఁ దేలినదఁట. కావునఁ గంటఁబడినదానిని నమ్మరాదు, ఉప్పును జక్కెరవలెనే యుండును అని దాని తాత్పర్యము. తారలనఁగా నటీనటులని శ్లేష. న్యాయమూర్తి కలమునుండి యిట్టి యలంకారము వెలువడుట ముచ్చటయే. కాని పోలిక కొంచెము కుంటుచున్నది. మినుకుట వాయుమండలకృత మనుట నిజము. చంద్రుఁడు సుందరుఁడు గాఁడని యే శాస్త్రమును జెప్పలేదు; చెప్పఁజాలదు. అది గుంటలు గలవాఁడని మాత్రము చెప్పును. ఉప్పుమాట వినఁగనే తెలుఁగు చదువరికి వేమన జ్ఞప్తికి వచ్చును. ఉప్పునకుఁ గప్పురమునకుఁ బోలిక చెప్పిన యా యోగి, చూపునకు సమానములైనను రుచి వేఱని పరీక్షాసాధనమునుగూడఁ జూపెను. నివేదిక పీఠిక కన్నులు నమ్మరాదని చెప్పి విడిచినది, నాలుక మాట యెత్తలేదు. అయినను లోనికిఁ బోయినకొలఁది నాలుక పనియే జరిగినది. సాక్షులు తాము చవిచూచినదానిని జెప్పిరి.

వారు చెప్పినదానియందు మిక్కిలి పరిశీలింపఁదగినవి రెండు మాటలు. పరిశ్రమయం దడుగిడు స్త్రీకి మొట్టమొదట నలవడు పదములు 'కాంప్రమైజ్', 'అడ్జస్ట్‌మెంట్' అనునవి యని నివేదిక చెప్పుచున్నది. ఇవి తెలుఁగు చిత్రపరిశ్రమకుఁ గ్రొత్తవి కావు. కాంప్రమైజ్ అనఁగా రాజీ, సంధి. ఇరువురు వాదులు తమతమ పట్టులలోఁ గొంతకొంత విడుచుట దాని వాచ్యార్థము. ఒక్కరే విడుచుచోట నా పదము చెల్లదు. వ్యాకరణమునందలి సంధులలోఁ బూర్వరూపమును బరరూపమును గలవు. ఒక వర్ణము మఱియొకదానిలో లీన మగును. కాని వైయాకరణుఁడు దానిని బూర్వరూపమనియే పేర్కొనును గాని రెండు వర్ణములును సమ్మతించినవని చెప్పఁడు.

అడ్జస్ట్‌మెంట్ అనుదానికిఁ దెలుఁగువారు సర్దుకొనుట యందురు. తెలుఁగున 'కొను' ధాతువు సంస్కృతము నాత్మనేపదమువంటిది. వండెను, వండుకొనెను, కోసెను, కోసికొనెను. క్రియాఫలము కర్తకే చెందునపుడు కొను చేరును. స్త్రీని సర్దుకొమ్మని చెప్పునపుడు ఫల మెవనికిఁ జెందుచున్నదో చూడుఁడు. ఇది పరస్మైపదము వాడవలసినచోట నాత్మనేపదము వాడుట. ఇట్టి యపశబ్దము ప్రమాదవశమునఁ బుట్టినది గాదు. ఆలంకారికులు ప్రయోజనలక్షణకు ముఖ్యార్థబాధ, తద్యోగము, ప్రయోజనము అని మూఁ డంగములు చెప్పుదురు. ఈ రెండు పదములయందును మూఁడును గలవు. ప్రయోజన మేమి? అడిగినవాఁడు నిలఁదీయఁబడెనా, తక్షణమే వాచ్యార్థములో దాఁగును. 'సర్దుకొమ్మనఁగాఁ గాలనియమమునుగూర్చి యంటిని, వసతినిగూర్చి యంటిని' అనును. విన్నయామెకు లక్ష్యార్థము బోధపడుట నిశ్చయము, నిరూపించుట దుష్కరము. వ్యంగ్యార్థము సహృదయైకవేద్య మని చెప్పిన శాస్త్రము, దాని నింత క్రూరమైన ప్రయోజనమునకు వినియోగింతురని యూహింపలేదు. వ్రాఁతమూలకమైన యొడంబడిక లేనందున నోటిమాటయే ప్రమాణ మగుటయు, నా నోటిమాట యిట్టి ద్వ్యర్థికావ్య మగుటయు నివేదిక బయలుపఱిచిన విషయములలో ముఖ్యమైనవి.

మఱి కొన్ని పేరాలయం దలంకారము లేదు, శ్లేష లేదు. చిత్రము తీయుచోట స్త్రీలకు మఱుఁగుదొడ్డి లేదు. బట్టలు మార్చుకొనుటకు గది లేదు. కొండలలో నడవులలోఁ జిత్రము తీయునపుడు పొదలచాటు వెదకికొనవలెను. తోడివారు వస్త్రము నడ్డముగాఁ బట్టవలెను. అందుచే నెండలో నిలిచి పనిచేయు నాఁడువారు నీళ్లు త్రాగుట మానుకొనుచున్నారు. దానివలన వ్యాధులు తెచ్చుకొనుచున్నారు. చిన్న వేషములు వేయువారికి నీ బాధ మఱింత. ప్రధాననటికి వేఱుగా బండి యుండును, వీరి కేమియు నుండదు. ఈ భాగము నివేదికయందెల్ల సత్యతమము, సుందరతమము. ఇందలి గద్యమును మెచ్చవలెనన్నఁ గారణము లేకపోలేదు: కర్త, కర్మ, క్రియ మూఁడును బైననే యున్నవి.

విపరీతమేమనఁగా, ప్రకటన జరిగిన నాఁడు చదువరులలో ననేకు లీ పేరాలను దాఁటి నల్లగీఁతల చెంతకే పరుగిడిరి. ఉన్న గ్రంథము నెవరుఁ జదువలేదు. లేని గ్రంథమునే యందఱుఁ జదివిరి. శిథిలప్రతులలోఁ బోయిన పద్యపాదములఁ దాము పూరించి కవిపేర నచ్చువేయించిన పరిష్కర్తలు తెలుఁగువారికిఁ దెలియనివారు గారు. ఆ పూరణములవలన ఛందస్సు నిలుచును గాని కవి పోవును. పత్రికలును, జనసామాన్యమును జేసిన దిట్టి పూరణమే. ప్రతి ఖాళీయందు నొక పేరు నిలిపిరి. ఆ పేరు సరియైనదైన నెవరికి లాభము? సాక్ష్యముగాఁ జెల్లదు. తప్పైన నొక నిరపరాధి మాన మంగట బడును. మఱుఁగుదొడ్డి కట్టింపవలసినవాఁడు రెండుపక్షములను సుఖముగా నుండెను.

నివేదికపైఁ బుట్టిన ప్రకటన వాఙ్మయము దానికొక వ్యాఖ్యానమువంటిది; మూలముకంటె నధికముగా వ్యాఖ్యాతలను బయలుపఱుచు వ్యాఖ్యానము. నటీనటుల సంఘమైన 'అమ్మ' కార్యదర్శి ఆగస్టు 23న మాటాడుచు, నివేదిక సిఫారసులు స్వాగతింపఁదగినవే యనియు, అది తమ సంఘమునకు విరుద్ధమైనది గాదనియు, సమస్తపరిశ్రమను నేరస్థునిగాఁ జూపరాదనియుఁ జెప్పెను. రెండుదినములకే తనపై నొక నటి నేరము మోపఁగా నాతఁడు పదవి విడిచెను. నేరము నిరాకరించి, యిందుఁ గుట్ర కలదని పోలీసువారికి నర్జీయు నిచ్చెను. అదే దినమునఁ గేరళ చలనచిత్ర అకాడమీ యధ్యక్షుఁడును దనపై మోపఁబడిన నేరమును గాదనుచునే పదవి విడిచెను. 27వ తేదీని 'అమ్మ' కార్యవర్గ మంతయు రాజీనామా యిచ్చెను. అందుఁ జెప్పఁబడిన హేతువు 'నైతికబాధ్యత'.

విశేషణము విశేష్యమును దదితరమునుండి వేఱుపఱుచును. నల్లకలువ యనఁగాఁ దెల్లకలువ గాదనుట. బాధ్యతకు నైతిక మను విశేషణము చేర్చిన మాత్రన నది న్యాయస్థానమునఁ జెల్లని బాధ్యత యని తేలును. పెంపు గూర్చినట్లు కానవచ్చు పదము నిజమునకుఁ దగ్గించినది. ఇట్టి ప్రకటనలలో మఱియొక లక్షణము కర్మణిప్రయోగము. తప్పులు జరిగినవి, ఆరోపణలు చేయఁబడినవి, కొందఱి మనస్సులు నొప్పింపఁబడినవి. సంస్కృతమునఁ గర్మ ప్రధానమైనపుడు కర్త తృతీయావిభక్తితో నుండును. తృతీయాంతమును విడిచినను వాక్యమునకు లోటు గానరాదు. తెలుఁగునకుఁ 'బడు' ధాతువుతోఁ జేసిన కర్మణిప్రయోగము సహజము గాదని సంభాషణ నెఱిఁగినవారెల్ల నొప్పుకొందురు. తెలుఁగుక్రియ కర్తను మ్రింగినను, వాని పురుషవచనములను దోకయందుఁ బట్టుకొనియే యుండును: చేసితిని, చేసితివి, చేసిరి. అందుచే నేఁటి ప్రకటనకర్తలు 'జరిగినది' అను నకర్మకక్రియ నాశ్రయించుచున్నారు. వాన కురిసినట్లు తప్పు జరుగును.

ప్రాబల్యవర్గమునుగూర్చిన వాదము తార్కికులకుఁ బ్రియమైనది. పది పదునైదుగురు పురుషులు పరిశ్రమను దమ చెప్పుచేతలలో నుంచుకొని, యెదురాడినవారికిఁ బని లేకుండఁ జేయుదురని నివేదిక చెప్పుచున్నది. 'పవర్ గ్రూప్' అను నా మాట నాఁటినుండి కేరళమున నింటింటి మాట యాయెను. ఆగస్టు 31న, 'అమ్మ' యధ్యక్షత విడిచిన యగ్రనటుఁడు అట్టి వర్గమునుగూర్చి తా నిపుడే వినుచున్నాననియు, దా నందులో లేననియుఁ జెప్పెను. మఱునాఁడు మఱియొక యగ్రనటుఁడు అట్టి వర్గము సినిమాయందే లేదని వ్రాసెను. రెండు వాక్యములు నొక్కటిగాఁ దోఁచును, కావు. రెండవది యత్యంతాభావము. మొదటిది వర్గమునందుఁ దనకు సంబంధము లేదనుట. వర్గ మున్నను లేకున్నను సరిపోవును. మఱి యా వర్గము పేరు కట్టుకొని, సభ్యత్వపత్రములు వ్రాసికొని యుండదు గదా. ఫలానివాఁడు ఫలానియామెకుఁ బని యియ్యరాదని నలుగురు నోటిమాటగాఁ జెప్పుకొనినచో నదియే వర్గము. వేఱువేఱుగా నడిగిన నలుగురును వర్గము లేదనియే చెప్పుదురు. అసత్య మాడినట్లును గాదు. ఈ సూక్ష్మమును నివేదిక తానే యింకను స్పష్టముగా వ్రాసియుండవలసినది. వర్గమనక వర్గవ్యాపారమని యున్నచో నా యుత్తరములకుఁ జోటు లేకుండెడిది.

ఉత్తరమనఁగా నెట్లుండవలెనో స్మృతివ్యాఖ్యాతలు చక్కఁగా విభజించిరి. ఒప్పుకొనుట, కాదనుట, ఒప్పుకొని కారణము చెప్పుట, ఇదివఱకే తీర్పైనదనుట; సంప్రతిపత్తి, మిథ్య, ప్రత్యవస్కందనము, ప్రాఙ్న్యాయము అని వీనికిఁ బేళ్లు. ఈ నాల్గింటిలోఁ జేరనివి యుత్తరాభాసములు. సందిగ్ధము, ప్రకృతమునకు నన్యమైనది, మిక్కిలి యల్పము, మిక్కిలి విస్తృతము, అభియోగములో నొక భాగమునకే చెల్లునది యనునవి వానిలోఁ గొన్ని. నివేదిక మా సంఘమునుగూర్చినది గాదనుట ప్రకృతాన్యము. ఇతర పరిశ్రమలలోను నిట్టివి కలవనుట యట్టిదే. మిథ్యోత్తర మిచ్చిన వారిని మాత్ర మీ దోషముతోఁ గలుపరాదు. కాదనుట ప్రతివాది హక్కు. కాదనినవానిని నిరూపించువఱకు నేరస్థుఁ డనరాదు. మిథ్యాభియోగమునకు 'అభ్యాఖ్యానము' అని వేఱొక పేరే పెట్టిన యమరసింహుఁడు, అట్టిది లోకమునఁ గలదని యెఱిఁగియే పెట్టెను.

యాజ్ఞవల్క్యుఁ డింకొక నియమము చేసెను. తనపై వచ్చిన యభియోగమును దాఁటకమునుపు వాదిపైఁ బ్రత్యభియోగము వేయరాదు. ఈ నియమ మేఁటికిఁ జేసెనో నేఁటి వ్యాజ్యములఁ జూచినవారికి విశదము. అమెరికాదేశమున 2024లో వెలువడిన 'ఇట్ ఎండ్స్ విత్ అస్' అను చిత్రమందలి నాయిక బ్లేక్ లైవ్లీ, దర్శకుఁడును నాయకుఁడు నైన జస్టిన్ బాల్డోనీపై నా డిసెంబరులో నభియోగము వేసెను. చిత్రీకరణసమయమునఁ దన్ను వేధించెననియు, దాను మొఱపెట్టినందుకుఁ బ్రచారనిపుణులఁ గూలికిఁ బెట్టి తన పేరు చెఱపింపఁజూచెననియు నామె వాదము. ఆతఁడు రెంటిని గాదని, 2025 జనవరిలో నామెపై నలువదికోట్ల డాలర్లకుఁ బ్రత్యభియోగము వేసెను. వార్తను బ్రకటించిన న్యూయార్క్ టైమ్స్ పత్రికపై నంతకుముందే యిరువదియైదుకోట్లకు వేసియుండెను. భర్త పేరు వ్యాజ్యమునఁ జేరెను, ఆమె ప్రచారకర్త పేరును జేరెను. పూర్వము రాజుల వాకిట వందిమాగధులు స్తుతిపాఠములకే జీతము గొనిరి. ఇప్పటి ప్రచారకర్తలు నిందాపాఠమునకును జీతము గొందురని యీ వ్యాజ్యమునఁ బక్షద్వయమును బరస్పరము చెప్పుకొనెను. 2025 జూన్ 9న న్యాయాధిపతి లైమన్ యా ప్రత్యభియోగమును గొట్టివేసెను. అధికారస్థానమున మొఱపెట్టుటయే యపనింద కాఁజాలదను న్యాయము దానికొక మూలము. మూలాభియోగము నిజమా కాదా యనుదాని నా తీర్పు చెప్పలేదు. యాజ్ఞవల్క్యుని క్రమమును మాత్రము కాపాడినది.

ఇచ్చట నొక పూర్వపక్షమునకు సమాధానము చెప్పవలసియున్నది. ఆ మహర్షియే కలహములయందును సాహసములయందును బ్రత్యభియోగము చెల్లునని యపవాదమును జెప్పెను. పరదారాభిమర్శనమును సాహసములలోఁ జేర్చిన స్మృతివచనము లున్నవి. కావున స్త్రీని వేధించిన యభియోగమునఁ బ్రత్యభియోగము శాస్త్రసమ్మతమే యనవచ్చును. అక్షరముఁ బట్టి చూడ నీ వాదము త్రోయరానిది. కాని యపవాదమునకుఁ గారణ మూహింపవలెను. కలహమున నిరువురును గొట్టుకొందురు. ముందు గొట్టినవాఁ డెవఁడను నంశము తేలవలెనన్న నిరువురి మొఱయు నొకేమాఱు వినవలెను. ఒకనిచేతఁ బనియు, వేఱొకతె చేత నా పనికై చాఁచిన చేయియు నున్నచోటఁ గలహ మెక్కడిది? అపవాదము తన విషయమును దాఁటి యుత్సర్గమును బాధింపరాదు. స్త్రీల విషయమున ధర్మశాస్త్రములు పెక్కుచోట్లఁ గఠినములని యొప్పుకొనియే యీ మాట చెప్పవలెను. ఆ శాస్త్రములే స్త్రీల వ్యవహారములకు స్త్రీలే సాక్షులు కాఁదగుదురనియు, నింటిలోపల, నడవిలో జరిగిన పనులకుఁ జూచినవా రెవరైనను సాక్షులే యనియుఁ జెప్పినవి. తలుపు మూసికొని సాక్ష్యము విన్న హేమసంఘము నాక్షేపించువారు దీనిని గమనింపరైరి.

నివేదిక సూచించిన చికిత్సలోను నొక వివేకము కలదు. 2013 నాఁటి చట్టము ప్రకారము పనిచోట నంతరంగిక ఫిర్యాదుసంఘ ముండవలెను. చలనచిత్రమున నా సంఘములోని సభ్యులు నిర్మాత చెప్పుచేతలలోనివారే యగుదురు, వారికిఁ దెలిసినది వర్గమువారికిఁ దెలియును, కావున నది చాలదని నివేదిక యభిప్రాయము. జిల్లాన్యాయాధిపతిగాఁ బనిచేసి విరమించిన స్త్రీ యధ్యక్షతను బ్రత్యేక న్యాయపీఠమును, దానికై యొక చట్టమును గోరినది. ఇది నలుగురు సభ్యులను గూర్చుండఁబెట్టి చేతులు గడిగికొనుటకంటె మేలు. పత్రికలలో దీనికి దొరకిన చోటు స్వల్పము.

తరువాత జరిగినవానినిఁ గ్లుప్తముగాఁ జెప్పినఁ జాలును. నివేదికనుబట్టి పెట్టిన కేసులు, సాక్షులు ముందునకు వచ్చి చెప్పకపోవుటచే మూయవలసివచ్చినవని 2025 జూన్‌లో ప్రభుత్వ మున్నతన్యాయస్థానమునకు విన్నవించెను. మాట గోప్యముగా నుండునని చెప్పినవారిని నాలుగేండ్లకుఁ బోలీసుస్టేషనున మరల చెప్పుమన్న నెందఱు చెప్పుదురు? ఆ యేఁట ఆగస్టు 15న 'అమ్మ'కు శ్వేతా మేనన్ అధ్యక్షురాలుగా నెన్నికయైనది. ఆ పీఠమున స్త్రీ కూర్చుండుట యదియే ప్రథమము. 2017 నాఁటి యత్యాచారపు వ్యాజ్యమున 2025 డిసెంబరు 8న ఎఱణాకుళము న్యాయస్థాన మార్గురను దోషులనియు, గుట్ర పన్నెనని యభియోగము పొందిన నటుని నిర్దోషియనియుఁ దీర్పు చెప్పెను.

తెలుఁగుదేశపు వృత్తాంత మింతకంటె హ్రస్వము. 2018లో హైదరాబాదున ఫిల్మ్ చాంబరు ముందట నొక నటి నిరసనము సేసినపిదప, స్త్రీసంఘముల పూనికచేఁ దెలంగాణప్రభుత్వము 2019లో నొక సంఘమును నియమించెను. ఆ సంఘమును నివేదిక సమర్పించెను. కేరళనివేదిక వెలువడిన మాసముననే 'వాయిస్ ఆఫ్ విమెన్' అను స్త్రీసంఘమువారి పనిని బేర్కొని, నటి సమంత యా నివేదికను బ్రకటింపుఁడని ప్రభుత్వమును గోరెను. కోరునాఁటి కది వెలువడియుండలేదు. తెనాలి యాఁడుపడుచు చేవ్రాలు గల గ్రంథము గీఁతలతోనైన మలయాళుల చేతి కందినది. తెలుఁగు స్త్రీలు చెప్పిన మాటలు గల గ్రంథమున, నాఁటికిఁ జుక్కలు నిలుపుటకుఁ దగిన పంక్తి యొక్కటియుఁ జదువరి కంటఁ బడలేదు.